చెరిగిపోవలసిన గీత: గోల్ఫ్ గ్రీన్‌పై తాత్కాలిక రేఖాంకనం - పదార్థం, నియమం, పరిభాష

వ్యాససంగ్రహం:
క్రీడాస్థలంలో పోటీ కోసం గీసే తాత్కాలిక గీత రెండు పనులు చేయాలి. పోటీ సాగినంతసేపు స్పష్టంగా నిలిచి తీర్పుకు ఆధారం కావాలి. పోటీ ముగిశాక నేలకు హాని కలిగించకుండా తొలగిపోవాలి. ఒకదానికి అనుకూలించే పదార్థం రెండవదానికి తరచుగా ప్రతికూలిస్తుంది. గోల్ఫ్ మైదానంలోని ‘గ్రీన్’ అనే భాగంపై ఈ వైరుధ్యం అత్యంత తీవ్రంగా కనిపిస్తుంది. అక్కడ అనుసరించదగిన రేఖాంకన పద్ధతులను వివరించడం, వాటిని ఇతర క్రీడల గీతలతో పోల్చడం, సుద్ద, సున్నం, ముగ్గు అనే మాటల నడుమ భేదం పాటించకపోవడం వల్ల పాఠశాల మైదానాలలో ఏర్పడే ప్రమాదాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గోల్ఫ్, గ్రీన్, తాత్కాలిక గీత, సుద్ద, సున్నం, ముగ్గు, బరి, క్రీడాపరిభాష.

ప్రవేశిక

బరి గీయనిదే చెడుగుడు లేదు. గళ్లు గీయనిదే తొక్కుడుబిళ్ల లేదు. పిల్లలు పెంకుముక్కతోనో పుల్లతోనో నేలపై గీసిన గీత ఆట సాగినంతసేపు శాసనంతో సమానం. ఆట ముగిసిన మరుక్షణం దానిని ఎవరూ పట్టించుకోరు. అడుగుల కింద పడి, గాలికి చెదిరి, వానకు కరిగి అది తనంతట తానే పోతుంది. మట్టినేల గీతను సులభంగా స్వీకరిస్తుంది, అంతే సులభంగా మరచిపోతుంది.

గడ్డినేల స్వభావం వేరు. దానిపై గీయాలంటే గడ్డిని కోయాలి, లేదా గడ్డికి ఏదైనా పూయాలి. క్రికెట్ చరిత్రలో ఈ రెండు దశలూ కనిపిస్తాయి. తొలినాళ్లలో క్రీజును నేలలో చాలుగా తవ్వేవారు. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో దాని స్థానంలోకి తెల్లని పూతగీత వచ్చింది. నేలను గాయపరిచే గీత పోయి, నేలపై కొంతకాలం నిలిచే గీత వచ్చిందన్నమాట. సౌకర్యం కోసం జరిగిన మార్పుగా పైకి కనిపించినా, గీత ఎంతకాలం ఉండాలి, ఎవరికి హాని చేయకూడదు అనే ప్రశ్నలు ఇక్కడి నుంచే మొదలవుతాయి. ఆ ప్రశ్నలకు సమాధానం చెప్పడం ఎంత కష్టమో గోల్ఫ్ గ్రీన్ తెలియజేస్తుంది.

గ్రీన్: గీత లేని చోటు

గోల్ఫ్‌లో ఆటగాడు బంతిని దూరం నుంచి కొట్టుకుంటూ వచ్చి చివరకు ఒక చిన్న గుంతలో పడవేయాలి. ఆ గుంత చుట్టూ అతి నునుపుగా పెంచిన గడ్డిప్రదేశమే గ్రీన్. గుంత వ్యాసం 108 మిల్లీమీటర్లు. బంతి వ్యాసం కనీసం 42.67 మిల్లీమీటర్లు. గ్రీన్‌పై గడ్డిని సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరిస్తారు. రెండు బియ్యపుగింజలను ఒకదానిపై ఒకటి అడ్డంగా పేర్చితే వచ్చే ఎత్తు కంటే ఇది ఎక్కువేమీ కాదు. చల్లని దేశాలలో ఇందుకు బెంట్‌గ్రాస్ అనే రకాన్ని పెంచుతారు. వేడి ప్రాంతాలలో బెర్ముడా గడ్డి సంకరజాతులు వాడుకలో ఉన్నాయి. బెర్ముడా గడ్డి అంటే మరేమీ కాదు, వినాయకపూజలో వాడే గరికే. పొలంగట్టుపై కలుపుగా పెరిగే ఆ గడ్డికి దగ్గరి చుట్టాలే గోల్ఫ్ మైదానంలో ప్రతిరోజూ కత్తిరింపులు పొందుతూ పట్టువస్త్రంలా పరచుకుంటాయి.

ఇంత పొట్టి గడ్డిపై బంతి దొర్లుతుంది కనుక నేలలోని ప్రతి ఒడుపూ, ప్రతి చిన్న గరుకుదనమూ దాని దారిని మార్చగలదు. క్రికెట్‌లో గీత ఆటకు హద్దు మాత్రమే. గ్రీన్‌పై గీసిన గీత బంతి దొర్లే తలంలో భాగమైపోతుంది. దళసరి పూత పూస్తే ఆ మేర నేల స్వభావమే మారుతుంది. ఇక్కడి సమస్యకు మూలం ఇదే.

ఈ కారణంగానే కాబోలు, సాధారణమైన ఆటలో గ్రీన్‌పై గీతలు ఉండవు. మైదానంలో మిగిలినచోట్ల రంగుగీతలకు కొదవ లేదు. ఆటస్థలం వెలుపలి హద్దుకు తెలుపు, నీటిగుంటల వంటి పెనాల్టీ ప్రదేశాలకు పసుపు లేదా ఎరుపు వాడతారు. గ్రీన్‌కు వచ్చేసరికి ఇవేవీ కనిపించవు. గ్రీన్ ఎక్కడ ముగుస్తుందో తెలిపేది గడ్డి ఎత్తులోని తేడాయే. అంటే అక్కడి హద్దును గీసేది రంగు కాదు, కోతయంత్రం. బంతిని ఎత్తి తుడుచుకోవాలన్నా ఆటగాడు దాని వెనుక నాణెం వంటి చిన్న గుర్తును ఉంచుతాడే తప్ప నేలపై ఏమీ గీయడు. గురి చూపడం కోసం గ్రీన్‌పై ఏ వస్తువునూ ఉంచరాదని నియమావళి స్పష్టంగా చెబుతుంది. 2019లో నియమాలను సంస్కరించినప్పుడు చేతితోనో కర్రతోనో నేలను తాకి దారి చూపడాన్ని అనుమతించారు. గుర్తు మిగల్చడాన్ని మాత్రం అనుమతించలేదు.

మరి గీత అవసరం ఎప్పుడు కలుగుతుంది? క్లబ్బులు నిర్వహించే సరదాపోటీలలో, నిధుల సేకరణ కోసం జరిపే పోటీలలో. గుంత చుట్టూ వలయం గీసి అందులో బంతిని నిలిపినవారికి బహుమతి ఇవ్వడం ఒక పద్ధతి. నిర్ణీతమైన గీత నుంచి బంతిని దొర్లించి గుంతకు చేర్చే పోటీ మరొకటి. గ్రీన్ వెలుపల, ఫెయిర్‌వే నడుమ పొడవైన గీత వేసి దానికి అతి సమీపంలో బంతిని పడవేసినవారిని విజేతగా ప్రకటించడం ఇంకొకటి. ఇలాంటి పోటీ చాలాసార్లు అసలు ఆట జరుగుతుండగానే దానితోపాటు సాగుతుంది. ఒక జట్టు వెళ్లాక మరొక జట్టు వస్తుంది. అందరూ అదే గ్రీన్‌పై ఆట ముగించాలి. పోటీకోసం గీసిన గీత ఆటకు సాయం చేయకూడదు, అడ్డమూ కాకూడదు. ఈ దృష్టితో చూస్తే గుంత వైపు సాగే సరళరేఖ కంటే గుంతను చుట్టి ఉండే వలయమే మేలు. సరళరేఖ గురి చూపే సాధనంగా మారిపోతుంది. అటువంటి గీత అవసరమైన పోటీని సాధన కోసం కేటాయించిన గ్రీన్‌పై జరపడం ఉచితం.

దారం, సుద్ద, రంగు

గ్రీన్‌కు అతి తక్కువ హాని కలిగించేది దారం. రెండు చివరల చిన్న మేకులు గుచ్చి దారాన్ని బిగించి కడితే గీత సిద్ధమవుతుంది. పోటీ ముగియగానే తీసివేయవచ్చు. అయితే దారం బంతికి తగులుతుంది, కాలికి అడ్డుపడుతుంది. కనుక ఇది గీత అవతలికి బంతి వెళ్లని చోట, లేదా కొలత తీసే క్షణంలో మాత్రమే ఉపయోగపడుతుంది.

దీనికంటే అనుకూలమైనది దారం చేత సుద్ద వేయించడం. వడ్రంగులు రంగు పూసిన దారాన్ని దుంగపై బిగించి, మధ్యలో పట్టి పైకి లాగి వదిలి గీత వేసే పద్ధతి అందరూ ఎరిగినదే. అదే పద్ధతిని గడ్డిపై అనుసరించవచ్చు. సుద్దపొడి నిండిన డబ్బీలోంచి దారాన్ని లాగి, ఇద్దరు చెరొక చివర పట్టుకొని బిగించాలి. పైకి లాగి వదలగానే పొడి సన్నని ధారగా గడ్డికొసలపై రాలుతుంది. గ్రీన్ అరుదుగా చదునుగా ఉంటుంది. నేల పల్లంగా ఉన్నచోట దారం నేలకు అందక గీత తెగిపోతుంది. అలాంటప్పుడు దారాన్ని మధ్యలో వేలితో నేలకు అదిమి, రెండు సగాలనూ విడివిడిగా కొట్టాలి. ఉదయపు మంచు ఆరకముందే గీస్తే పొడి తడిసి ముద్దకట్టి గీత దళసరి అవుతుంది. ముందుగా మంచును తుడిచివేయడం అవసరం. సుద్ద రంగు విషయంలోనూ జాగ్రత్త కావాలి. దుకాణాలలో దొరికే ఎరుపు, నలుపు పొడులు సాధారణంగా చెరగకుండా నిలిచేందుకు తయారైనవి. గ్రీన్‌కు తెలుపే క్షేమకరం.

వలయం గీయడం మరింత సులభం. గుంతలో జెండాకర్ర ఉంటుంది. దానికి దారాన్ని వదులుగా తగిలించి, కావలసిన పొడవు వద్ద పట్టుకొని చుట్టూ తిరిగితే వలయం వస్తుంది. ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉన్నది. దూరాన్ని గుంత మధ్య నుంచి కొలవాలా, అంచు నుంచి కొలవాలా? రెండింటికీ 54 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఎవరి బంతి దగ్గరగా ఉన్నదో తేల్చే పోటీలో ఈ తేడా అందరికీ సమానమే కనుక ఫలితం మారదు. వలయంలో పడినవారికి బహుమతి ఇచ్చే పోటీలో మాత్రం ఈ తేడా బంతి వ్యాసం కంటే ఎక్కువ. దానిని ముందుగా ప్రకటించకపోతే వివాదం తప్పదు.

రంగు సంగతి వేరు. నీటిలో కలిసే తెల్లరంగును డబ్బాతో చిమ్మి గీసిన గీత ఫెయిర్‌వేపై చక్కగా పనిచేస్తుంది. గడ్డిపరక మొదలు నుంచి పెరుగుతుంది. రంగు అంటిన కొస పైకి జరుగుతూ పోయి కోతయంత్రానికి చిక్కుతుంది. గడ్డి తనను తానే శుభ్రపరచుకుంటుందని చెప్పవచ్చు. గ్రీన్‌పై ఒక్కో కోతలో తెగే భాగం చాలా స్వల్పం కావడం వల్ల ఈ శుభ్రత ఆలస్యమవుతుంది. అంతవరకు పూత బంతి దారిలోనే ఉంటుంది. అందుకే పెద్ద పోటీలలో కూడా గ్రీన్‌పై కనిపించే రంగు మరునాటి గుంత స్థానాన్ని సూచించే చిన్న చుక్కకు మించదు.

సుద్దకూ సున్నానికీ నడుమ

ఇంతవరకు ‘సుద్ద’ అన్న మాటను ఉద్దేశపూర్వకంగానే వాడడం జరిగింది. గోల్ఫ్ గ్రీన్ అరుదైన చోటు. తెల్లగీతలు గీసే మైదానాలు మాత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అనేక పాఠశాలలలో ఉన్నాయి. అక్కడ గీతకు వాడే పొడిని వ్యవహారంలో తరచుగా ‘సున్నం’ అంటారు. సంచిలో ఉన్నది నిజంగా సున్నమా, కేవలం తెల్లరాతిపొడా అన్న విచారణ తక్కువ.

ఈ రెండింటి నడుమ భేదం రసాయనశాస్త్రానికి మాత్రమే సంబంధించినది కాదు. సున్నపురాయి, సుద్ద మూలతః కాల్షియం కార్బొనేట్. అది నీటిలో దాదాపు కరగదు, చర్మాన్ని కాల్చదు. దానిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడికి కాలిస్తే బొగ్గుపులుసు వాయువు వెలువడి కాల్చిన సున్నం మిగులుతుంది. దానిపై నీళ్లు పోస్తే బుసబుస పొంగి, వేడెక్కి, తడిసున్నం అవుతుంది. తడిసున్నం నీటిలో కలిసినప్పుడు దాని క్షారగుణం పీహెచ్ కొలతలో 12 దాటుతుంది. తాంబూలంలో సున్నం కాస్త ఎక్కువైతే నాలుక ఎలా పొక్కుతుందో తెలియని తెలుగువారు ఉండరు. అదే పదార్థం పొడిరూపంలో గాలికి లేచి కంటిలో పడితే కన్నీటితో కలిసి కంటిపొరను కాలుస్తుంది. చూపును శాశ్వతంగా దెబ్బతీసే అవకాశం ఉన్నది. చెమటపట్టిన చర్మంపైనా పుండు పడుతుంది. గడ్డి కూడా గీత మేర మాడిపోతుంది.

మరొక విషయం ఉన్నది. తడిసున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును క్రమంగా పీల్చుకొని తిరిగి కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది. గోడకు వేసిన వెల్ల గట్టిపడేది ఈ మార్పువల్లనే. అంటే సున్నంతో గీసిన గీత కొన్నాళ్లకు నిరపాయకరం అవుతుంది. కాని ఆటలపోటీలు గీత గీసిన రోజునే, ఆ మరునాడే జరుగుతాయి. కబడ్డీలో కిందపడిన పిల్లవాడి ముఖం గీతకు తగిలేది అది అత్యంత క్షారంగా ఉన్న సమయంలోనే.

పిల్లలచేత రంధ్రాల డబ్బాతో, కొన్నిసార్లు వట్టి చేతులతో గీతలు వేయించే అలవాటును ఈ వెలుగులో చూడాలి. ఇందుకు ఖరీదైన ప్రత్యామ్నాయం అవసరం లేదు. ముగ్గుపిండిగా అమ్మే తెల్లరాతిపొడి ఆ పని చేస్తుంది. దాని దుమ్మును కూడా పీల్చకుండా, గాలికి ఎదురుగా నిలబడకుండా చల్లడం మంచిదే. అయినా అది కంటిని కాల్చే పదార్థం కాదు.

గీతకు ఏ అంచు?

గణితంలోని రేఖకు వెడల్పు లేదు. నేలపై గీతకు ఉంటుంది. ఆ వెడల్పు ఎవరికి చెందుతుందన్నది ప్రతి క్రీడా తనదైన రీతిలో నిర్ణయించుకున్నది. టెన్నిస్‌లో బంతి గీతను తాకితే లోపల పడినట్లే. ఫుట్‌బాల్‌లో గీత తాను చుట్టిన ప్రదేశంలో భాగం. దాని వెడల్పు 12 సెంటీమీటర్లకు మించరాదు. క్రికెట్ పాపింగ్ క్రీజులో వికెట్ల వైపున్న అంచే అసలైన క్రీజు. కనుక బ్యాట్ గీతపై మాత్రమే ఉంటే చాలదు, దాటి లోపలికి రావాలి. గోల్ఫ్‌లో ఒకే మైదానంలో రెండు తీర్పులు కనిపిస్తాయి. వెలుపలి హద్దుగీత హద్దుకు అవతలిదే, అయినా బంతి పూర్తిగా అవతల ఉంటేనే ఆట బయటికి పోయినట్లు. పెనాల్టీ ప్రదేశపు గీత ఆ ప్రదేశంలోనిదే, బంతి కాస్త తగిలినా లోపల ఉన్నట్లే. తాత్కాలిక వలయానికి ఇటువంటి నియమం ముందే రాసిపెట్టి ఉండదు. నిర్వాహకులే చెప్పాలి. దారం చేత వేసిన సుద్దగీత సన్నగా ఉండడం వల్ల ఇక్కడ ఒక మేలు జరుగుతుంది. వెడల్పు తగ్గిన కొద్దీ వివాదం తగ్గుతుంది.

గీత కేవలం హద్దు కాదు, సాక్షి కూడా. వింబుల్డన్‌లో గీతలు సుద్దతో ఉన్నకాలంలో బంతి గీతను తాకితే తెల్లని దుమ్ము లేచేది. 1981లో జాన్ మెకన్రో న్యాయనిర్ణేతతో చేసిన ప్రసిద్ధమైన వాదులాటకు ఆధారం ఆ సుద్దదుమ్మే. ఇప్పుడు అక్కడ టైటానియం డైఆక్సైడ్ కలిసిన తెల్లపూతను వాడుతున్నారు. 2025 నుంచి గీతల వద్ద మనుషులు కూడా లేరు, నిర్ణయం యంత్రాలది. గీత మరింత స్పష్టమైంది, దాని సాక్ష్యం మాత్రం మరొకరి చేతికి పోయింది.

ఒక నిమిషపు గీత

తాత్కాలికత అనే గుణాన్ని చివరిదాకా తీసుకువెళ్లినది ఫుట్‌బాల్‌లోని నురుగుగీత. ఫ్రీకిక్ సమయంలో ప్రత్యర్థులు 9.15 మీటర్ల దూరంలో నిలబడాలి. వారు మెల్లగా ముందుకు జరుగుతుండడం పాత జబ్బు. దానికి మందుగా రిఫరీ నడుముకు నురుగుడబ్బా వచ్చింది. దక్షిణ అమెరికాలో వాడుకలోకి వచ్చిన ఈ పద్ధతిని 2014 ప్రపంచకప్‌లో ప్రపంచమంతా చూసింది. డబ్బాలో ఉండేది ఎక్కువగా నీరు. దానితోపాటు ద్రవంగా మారేట్లు అదిమిన బ్యూటేన్ వంటి వాయువు, నురుగు నిలిపే కొద్దిపాటి పదార్థం ఉంటాయి. మూత తెరుచుకోగానే ఒత్తిడి తగ్గి వాయువు వ్యాకోచిస్తుంది, నీరు బుడగలుగా ఉబ్బుతుంది. వాయువు ఎగిరిపోగానే బుడగలు కూలి, గడ్డిపై కొంత తడి మాత్రమే మిగులుతుంది. దాదాపు ఒక నిమిషం దాని ఆయుష్షు.

గోల్ఫ్ గ్రీన్‌కు దీనిని తేవచ్చునా అని అడిగితే, తేకపోవడమే మంచిదని చెప్పాలి. ఫ్రీకిక్ ఒక క్షణపు ఘటన. గ్రీన్‌పై వలయం ఉదయం వచ్చిన మొదటి జట్టు నుంచి సాయంత్రపు చివరి జట్టు దాకా ఒకేలా ఉండాలి. ప్రతి జట్టుకూ మళ్లీ గీస్తే ప్రతిసారీ వలయం కాస్త మారుతుంది, పోటీ న్యాయం కాకుండా పోతుంది. గీత ఆయుష్షు పోటీ ఆయుష్షుకు తగినట్లుండాలి. తక్కువైతే అన్యాయం, ఎక్కువైతే నేలకు భారం. ఇక అమెరికన్ ఫుట్‌బాల్ ప్రసారాలలో 1998 నుంచి కనిపిస్తున్న పసుపుగీత అసలు నేలనే తాకదు. అది ప్రేక్షకుడి తెరపై మాత్రమే ఉంటుంది. ఆటగాడికి కనిపించని గీతను క్రీడారేఖ అనవచ్చునా అన్నది వేరే చర్చ.

మాటలు

తెలుగులో గీతను చెప్పే నుడికారం ఎక్కువగా శాశ్వతత్వాన్నే సూచిస్తుంది. నుదుటిగీత చెరపరానిది. గీసిన గీత దాటనివాడు విధేయుడు. గిరి గీసుకొని కూర్చున్నవాడు బయటికి రాడు. ‘బరి’ ఆటలోని హద్దుగీత అయినా, ఎన్నికల వార్తలలో ‘బరిలోకి దిగడం’గా, నిందలో ‘బరితెగించడం’గా ఆటను దాటి వచ్చేసింది. ‘సూత్రం’ అన్న సంస్కృతపదంలో దారమూ, నియమమూ ఒక్కటే. దారం చేత గీత వేసి దానితో తీర్పు చెప్పే పనికి ఇంతకంటే సరిపోయే మాట దొరకదు.

చెరిగిపోయే గీతకు తెలుగు ఇచ్చిన మాట ‘ముగ్గు’. పొడికీ, ఆ పొడితో వేసిన రూపానికీ ఒకే పేరు ఉండడం ఇందులోని విశేషం. పొడి పోతే రూపమూ పోతుంది, మరునాడు కొత్తది వేయాలి. వాకిలికే ఇది పరిమితం కాలేదు. ఇంటి పునాది తవ్వడానికి ముందు హద్దులు గుర్తించడాన్ని ‘ముగ్గు పోయడం’ అంటారు. ప్రభుత్వ గృహనిర్మాణ వార్తలలో ఈ ప్రయోగం నిత్యం కనిపిస్తుంది. కొలతకు సంబంధించిన తాత్కాలిక గీత అనే అర్థం ఆ మాటలో ఇప్పటికే స్థిరపడి ఉన్నది.

క్రీడాపరిభాషలో దీనిని వాడుకోకపోవడం లోపమే. ఆంగ్లంలోని ‘లైమ్’, ‘చాక్’, ‘మార్కింగ్ పౌడర్’ అన్నింటినీ ‘సున్నం’ అనే ఒక్క మాటతో అనువదించడం పరిపాటి అయింది. ‘లైమ్’ యంత్రానువాదంలో నిమ్మకాయగా తేలినా నవ్వుకొని సరిదిద్దుకోవచ్చు. సున్నంగా తేలితే ఎవరికీ అనుమానం రాదు. సంచి కొనేవాడు నిజంగానే సున్నం కొనుక్కొస్తాడు. కాబట్టి దారం చేత వేసినదానిని దారపుగీత అని, రాతిపొడితో లేదా సుద్దతో వేసినదానిని ముగ్గుగీత అని, పూతతో వేసినదానిని రంగుగీత అని, నురుగుతో వేసినదానిని నురుగుగీత అని వ్యవహరించవచ్చు. ‘సున్నపుగీత’ అన్న మాటను సున్నంతోనే వేసిన గీతకు, అదీ పిల్లలు ఆడని చోట వేసినదానికి పరిమితం చేయాలి. వ్యాయామ విద్య పాఠ్యపుస్తకాలలో, క్రీడోత్సవాల ఆదేశపత్రాలలో “మైదానంలో సున్నంతో గీతలు వేయాలి” అన్న వాక్యం ఎక్కడ కనిపించినా అక్కడ “ముగ్గుతో గీతలు వేయాలి” అని మార్చుకోవచ్చు. దానికి కొత్త పదం సృష్టించనక్కరలేదు, కొత్త ఖర్చూ లేదు.